సముద్రానికి వీపు చూపించొద్దమ్మా!

పెళ్ళయిన ముప్ఫై ఆరేళ్ళలో మా వారిని నేనెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. మీలో చాలామంది కూడా అంతే కదూ? 'ఏమండీ', 'మిమ్మల్నే', మరీ దూరంగా ఉంటే 'సుధా వాళ్ళ నాన్నగారూ'. ఆసుపత్రి చీటీలో భర్త పేరు చెప్పమంటే పక్కనున్న ఆడపడుచు వైపు చూసిన రోజులు కూడా ఉన్నాయి. అలాంటి నేను, బోలెడంతమంది జనం మధ్య, పరాయి దేశపు సముద్రపొడ్డున, ఆయన్ని పేరు పెట్టి గొంతు చించుకుని పిలిచాను. ఎందుకో చెప్పాలంటే ముందు మిమ్మల్ని ఐస్‌లాండ్ తీసుకెళ్ళాలి. పదండి, స్వెట్టర్ మాత్రం మర్చిపోకండి.

మా అమ్మాయి సుధ లండన్‌లో ఉంటుంది. 2023 జూన్‌లో మేమిద్దరం దాని దగ్గరికి వెళ్ళినప్పుడు, 'అమ్మా, నీకు పారిస్ చూపించనా, స్విట్జర్లాండ్ చూపించనా?' అంది. నేనేదో అనేలోపే మా వారు 'ఐస్‌లాండ్' అన్నారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఏ ఊరు వెళ్ళినా ముందుగా ఓ ఫైలు తయారుచేస్తారు. 2010 ఏప్రిల్‌లో అక్కడ ఓ అగ్నిపర్వతం పేలి, బూడిద ఆకాశమంతా కమ్మేసి, యూరప్‌లో విమానాలు రోజుల తరబడి ఆగిపోయాయి, గుర్తుందా? అప్పుడు మా మరిది కొడుకు విమానాశ్రయంలో నేలమీద పడుకుని గడిపాడు. ఆ వార్తలు చదివినప్పటి నుంచీ ఈయనకి ఆ దేశం మీద మోజు.

'అంత చలిలోకి మనకెందుకండీ?' అన్నాను. 'నీకేం తెలుసు, నువ్వుండు' అన్నారు. ఈ మాట కూడా మీకు కొత్త కాదనుకుంటాను. తిట్టడం కాదు, కోపమూ కాదు. మజ్జిగలో ఉప్పులా మాటలో కలిసిపోయిన మాట. నేనూ అలవాటు పడిపోయాను.

ఐస్‌లాండ్ మన తెలంగాణ రాష్ట్రం కంటే కాస్త చిన్నది. లక్షా మూడు వేల చదరపు కిలోమీటర్లు. అందులో జనం నాలుగు లక్షల లోపే! అంటే మా కాకినాడ జనమంతా కూడా లేరన్నమాట. రైళ్ళు లేవు. సొంత సైన్యం లేదు. వేసవిలో మనుషుల కంటే గొర్రెలే ఎక్కువ. దేశం చుట్టూ ఒక రోడ్డు, సుమారు 1,320 కిలోమీటర్లు. అది పూర్తయింది 1974లో. లండన్ నుంచి విమానంలో మూడు గంటల ప్రయాణం.

విమానం దిగి కారెక్కగానే నా గుండె జారిపోయింది. చెట్టు లేదు, పుట్ట లేదు. రోడ్డుకి అటూ ఇటూ నల్లటి రాళ్ళు. పాలు పొంగి, మాడి, అడుగంటిన గిన్నెని బోర్లించినట్టుంది నేలంతా. ఎప్పుడో పారిన లావా గడ్డకట్టి అలా అయిందట. దాని మీద బూడిద రంగు కలిసిన ఆకుపచ్చ నాచు. వేలితో నొక్కితే దూది పరుపులా దిగుతుంది. 'తొక్కకు, అది పెరగడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది' అని సుధ నన్ను వెనక్కి లాగింది.

దారిలో గ్రిండావిక్ అనే చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో ఆగి టీ తాగాం. రంగురంగుల రేకుల ఇళ్ళు, కిటికీల్లో లేసు తెరలు, గుమ్మాల ముందు పిల్లల సైకిళ్ళు. మన ఊళ్ళలాగే ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. మేం ఇంటికొచ్చిన కొన్ని నెలలకి, 2023 నవంబర్ 10వ తేదీ రాత్రి, ఆ ఊళ్ళో భూమి అదేపనిగా కంపిస్తుంటే దాదాపు 3,800 మందినీ ఇళ్ళు ఖాళీ చేయించారు. డిసెంబర్‌లో ఆ దగ్గర్లోనే భూమి పగిలి లావా ఎగజిమ్మింది. 2024 జనవరిలో లావా ఊరి అంచుకొచ్చి కొన్ని ఇళ్ళని కాల్చేసింది. టీవీలో చూస్తూ, 'ఆ లేసు తెరలు కుట్టుకున్నావిడ ఏం మూట కట్టుకుని వెళ్ళిందో' అనుకున్నాను. పొయ్యి మీద గిన్నె దింపి, గ్యాసు కట్టేసి, గుమ్మం దాటడమంటే మాటలా?

రాజధాని పేరు రేక్యవిక్. అక్కడ ఓ చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నాం. వంటింట్లో వేడినీళ్ళ కుళాయి తిప్పానో లేదో, గుప్పున కుళ్ళిన కోడిగుడ్డు వాసన! 'పైపులో ఏదో చచ్చిందే' అని కంగారు పడ్డాను. కాదట. భూమి అడుగున సహజంగా కాగిన నీళ్ళనే గొట్టాల్లో ఇళ్ళకి పంపిస్తారు. వాటిలో ఉండే గంధకం వాసన అది. అక్కడ పదిళ్ళలో తొమ్మిదిళ్ళు ఇలా భూమిలోని వేడితోనే వెచ్చగా ఉంటాయి. కట్టె లేదు, బొగ్గు లేదు, పొగ లేదు. చన్నీళ్ళ కుళాయి మాత్రం వేరు. ఆ నీళ్ళకి ఏ వాసనా లేదు, కొబ్బరినీళ్ళంత తేటగా ఉంటాయి. బాటిల్ కొన్నారంటే డబ్బు దండగే.

నాకు అసలు చిక్కొచ్చింది సంధ్యాదీపం దగ్గర. ఏడైంది, ఎనిమిదైంది, పదైంది. బయట మన సాయంత్రం నాలుగ్గంటల వెలుగు! జూన్‌లో అక్కడ పొద్దు గూకేసరికి అర్ధరాత్రవుతుంది, మళ్ళీ మూడు గంటలకల్లా సూర్యుడొచ్చేస్తాడు. ఆ నడుమ కూడా చీకటి పడదు. 'మరి దీపం ఎప్పుడు పెట్టాలండీ?' అంటే మా వారు ఫైలంతా తిరగేశారు. అందులో లేదు. చివరికి నేనే, మన ఇంట్లో దీపం పెట్టే వేళ చూసుకుని పెట్టేశాను. చలిమిడి చేసుకునే వీలు లేకపోతే చక్కెర నైవేద్యం పెట్టమా ఏమిటి?

మర్నాడు థింగ్‌వెట్లిర్ అనే చోటుకి వెళ్ళాం. రెండు నల్లరాతి గోడలు, మధ్యలో బాట. భూమి పైపొర కొన్ని పెద్ద పెద్ద పలకలుగా ఉంటుందని పిల్లల పుస్తకాల్లో చదివే ఉంటారు. ఆ ప్రాంతానికి ఒక పక్క ఉత్తర అమెరికా పలక, ఇంకో పక్క యూరప్ ఆసియాల పలక. రెండూ ఏటా సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున ఎడమవుతున్నాయి. ఆ సందులో పడి నడుస్తుంటే ఒళ్ళు జలదరించింది. ఇద్దరు అన్నదమ్ములు మాటా పలుకూ లేకుండా విడిపోతుంటే నడుమ నిలబడ్డ తల్లిలా అనిపించింది నాకు.

సామాన్య శకం 930లో ఆ దేశపు పెద్దలంతా అక్కడే ఆరుబయట సభ తీర్చారు. చట్టాలు పుస్తకంలో లేవు. ఒకాయన బండ మీద నిలబడి కంఠతా చెప్పేవాడు. 1944 జూన్ 17న తమది స్వతంత్ర గణతంత్ర దేశమని ప్రకటించుకున్నదీ ఇక్కడే. అంతా బాగుంది అనుకుంటూ ముందుకి నడిస్తే, ఏటిలో ఓ లోతైన మడుగు కనిపించింది. పాతకాలంలో తప్పు చేశారని ఆడవాళ్ళని ఆ మడుగులో ముంచి చంపేవారట. పెళ్ళి కాకుండా బిడ్డని కనడంలాంటివి ఆ తప్పులు. పక్కన బోర్డు మీద వాళ్ళ పేర్లున్నాయి. నేను చదవలేకపోయినా, ప్రతి పేరు మీదా వేలు పెట్టి చూశాను. ఎన్ని వేల మైళ్ళు వెళ్ళినా ఆడదాని కథ ఒక్కటే కాబోలు అనుకున్నాను. కానీ మధ్యాహ్నానికే ఆ ఆలోచన మారింది.

ముందు వేడినీటి ఊటల దగ్గరికి వెళ్ళాం. నేలలో నుంచి ఆవిర్లు. స్ట్రోకుర్ అనే ఊట దగ్గర జనమంతా గుండ్రంగా నిలబడి ఉన్నారు. గుంటలో నీళ్ళు ఒకసారి ఉబికాయి, నీలంగా బుడగలా పైకి లేచి... ధాం! కొబ్బరిచెట్టంత ఎత్తుకి ఎగిరాయి. అయిదు, పది నిమిషాలకొకసారి ఇదే వరస. ప్రెషర్ కుక్కర్ కూత ఎలా వస్తుందో ఇదీ అలాగే అని మా వారు చిన్నికి చెప్పారు. చిన్ని మా మనవరాలు, ఆరేళ్ళది. అడుగున నీరు కాగుతుంది, పైనున్న నీటి బరువు ఆవిరిని తొక్కిపెడుతుంది, పట్టలేనంత అయ్యాక ఒక్కసారిగా తన్నుకొస్తుంది. 'అమ్మమ్మకి కోపం వచ్చినట్టా?' అంది చిన్ని. 'అమ్మమ్మకి కోపం రాదు' అన్నారాయన. నేనేం మాట్లాడలేదు.

అక్కడికి పది కిలోమీటర్ల దూరంలో గుల్‌ఫాస్ జలపాతం. ఒక మెట్టు 11 మీటర్లు, రెండో మెట్టు 21 మీటర్లు. మంచుకొండల నీళ్ళు తెల్లగా, బియ్యం కడిగిన నీళ్ళలా వచ్చి, ఇరుకు లోయలోకి దూకుతాయి. చెంపల మీద తుంపర, పైన ఇంద్రధనుస్సు. దాని పక్కనే ఓ రాతి పలక మీద ఒక స్త్రీ ముఖం చెక్కి ఉంది. పేరు సిగ్రిదుర్ తోమాస్‌దోత్తిర్. పక్కనే ఉన్న పొలంలో పుట్టి పెరిగిన రైతుబిడ్డ. గొర్రెలు కాసింది, చేనుపని చేసింది. బడి చదువు లేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో విదేశీ వ్యాపారులు ఆ జలపాతానికి ఆనకట్ట కట్టి కరెంటు తీస్తామని వచ్చారు. సిగ్రిదుర్ ఒప్పుకోలేదు. తను దాచుకున్న డబ్బుతో కోర్టుకెక్కింది. వంద కిలోమీటర్లకి పైగా దూరమున్న రేక్యవిక్‌కి ఏళ్ళ తరబడి నడిచి తిరిగింది. మీరు పని మొదలుపెడితే నేను ఈ నీళ్ళలో దూకుతానని కూడా అన్నదని చెబుతారు. కోర్టులో గెలవలేదు. కానీ ఆ గొడవలో ఏళ్ళు గడిచిపోయి, కౌలు డబ్బు కట్టక వ్యాపారుల ఒప్పందం 1929లో రద్దయిపోయింది. జలపాతం మిగిలింది. ఆమె తరఫున వాదించిన వకీలు స్వేన్ బ్యోర్న్‌సన్ 1944లో ఆ దేశానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఆమె మాత్రం 1957లో కన్నుమూసేదాకా సామాన్యురాలిగానే ఉంది.

నేనా రాయి ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఆవిడతో కూడా 'నీకేం తెలుసు, నువ్వుండు' అని ఎంతమంది అని ఉంటారో కదా!

తిరిగొచ్చేటప్పుడు లాయ్‌గర్వాత్న్ అనే చెరువుగట్టున ఆగాం. ఇది మాత్రం మన వంటింటి సంగతి, శ్రద్ధగా వినండి. అక్కడ ఒకాయన నల్లటి ఇసుకని పారతో తవ్వి, లోపల్నుంచి ఓ మూతబెట్టిన గిన్నె తీశాడు. అందులో రొట్టె! రై అనే ధాన్యపు పిండి, గోధుమపిండి, పంచదార, పాలు, ఉప్పు, బేకింగ్ పౌడర్ కలిపి, గిన్నెకి వెన్న రాసి పోసి, మూత గట్టిగా బిగించి, ఉడుకుతున్న ఇసుకలో పాతేస్తారు. ఇరవై నాలుగ్గంటల తర్వాత తీస్తే బెల్లం రంగులో, మెత్తగా, కాస్త తియ్యగా వస్తుంది. వేడి వేడి ముక్క మీద వెన్న పూసిస్తే అలా కరిగిపోతుంది. 'మా అమ్మమ్మ దాలిలో పాలు ఇలాగే కాచేది' అన్నాను. పిడకల దాలిలో కుండ పెడితే పొద్దుటికి సాయంత్రం దాకా సన్నసెగ మీద కాగి, ఎర్రటి మీగడ కట్టేది. సుధ ఆ మాటని ఇంగ్లీషులో చెబితే ఆయన తలూపి, నాకింకో ముక్క పెట్టాడు. ఎక్కడైనా సన్నసెగ రుచే రుచి.

శాకాహారులకి తిండి ఎలా అంటారా? స్కీర్ అని ఒకటి దొరుకుతుంది. మన పెరుగుని గుడ్డలో మూటగట్టి నీళ్ళు ఓడ్చినట్టు చిక్కగా ఉంటుంది. నేను దాంట్లో పాలు కలిపి, అల్లం, పచ్చిమిర్చి తాలింపు పెట్టి దధ్యోదనం చేశాను. భూమి వేడితో నడిచే అద్దాల ఇళ్ళలో టమాటాలు పండిస్తారు, ఎర్రగా నిగనిగలాడుతూ. పచ్చడి చేశాను. కాకపోతే ధరలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. హోటలు భోజనం జోలికి పోకుండా, బియ్యం, పోపుదినుసులు, ఓ చిన్న కుక్కర్ పెట్టెలో పెట్టుకెళ్ళడమే మేలు. మాంసం, పాలపదార్థాలు మాత్రం బయటి నుంచి తీసుకెళ్ళడానికి నిబంధనలున్నాయి, ముందే కనుక్కోండి.

మూడో రోజు దక్షిణపు దారి పట్టాం. సేల్యాలాండ్స్‌ఫాస్ అనే జలపాతం వెనకాలకి నడిచి వెళ్ళొచ్చు. అరవై మీటర్ల పైనుంచి నీటి తెర పడుతుంటే, దాని వెనక నిలబడి లోకాన్ని చూడటం ఒక వింత. కొప్పు నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దయ్యాం. చీర కట్టుకుని మాత్రం వెళ్ళకండి. నేను సల్వార్ కమీజ్ మీద వానకోటు వేసుకున్నాను, కాళ్ళకి గట్టి బూట్లు. ఆ తర్వాత స్కోగాఫాస్ చూసి, విక్ అనే చిన్న ఊరి పక్కనున్న రేనిస్ఫ్యారా తీరానికి చేరేసరికి మధ్యాహ్నమైంది.

ఇప్పుడు చెబుతాను అసలు సంగతి.

అక్కడి ఇసుక నల్లన. కాటుకలా, తారులా నల్లన. లావా రాళ్ళని సముద్రం నూరి నూరి చేసిన ఇసుక. ఒడ్డున కొండంతా ఆరు పలకల రాతి స్తంభాలు, ఎవరో శిల్పి వరసగా పేర్చినట్టు. ఎండిన చెరువులో మట్టి బీటలు వారుతుంది చూడండి, అలాగే లావా చల్లారుతూ కుంచించుకుపోయి ఆ ఆకారంలో పగిలిందట. సముద్రంలో మూడు నల్లటి రాతిసూదులు నిలబడి ఉన్నాయి. ఇద్దరు రాక్షసులు రాత్రంతా ఓ ఓడని ఒడ్డుకి ఈడుస్తుంటే తెల్లారిపోయి, ఎండ తగిలి రాళ్ళయిపోయారని అక్కడివాళ్ళ కథ.

దారి మొదట్లోనే పెద్ద బోర్డు, రంగుల దీపాలతో. కెరటాలు ప్రమాదం, సముద్రానికి వీపు పెట్టవద్దు అని ఇంగ్లీషులో రాసి ఉందని సుధ చదివి చెప్పింది. నేను ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే ఆ మాట నేను నలభై అయిదేళ్ళ కిందటే విన్నాను.

మా పుట్టిల్లు ఉప్పాడ దగ్గర. చిన్నప్పుడు మా ఇంటికి ఎండుచేపలు పక్కింటివాళ్ళకి అమ్మడానికి ఓ ముసలమ్మ వచ్చేది. మేం శాకాహారులం కాబట్టి మా అరుగు మీద మంచినీళ్ళు తాగడానికే కూచునేది. పిల్లల్ని సముద్రానికి వెళ్ళేటప్పుడు ఆపి, 'అమ్మా, పెద్దమ్మకి దణ్ణం పెట్టుకోండి, వీపు మాత్రం చూపించొద్దమ్మా. ఏడు చిన్న కెరటాలు మాట్లాడించి, ఎనిమిదోది ఎత్తుకుపోద్ది' అనేది. ఆవిడ కొడుకుని సముద్రమే తీసుకుంది.

రేనిస్ఫ్యారాలో కెరటాలు చూడటానికి మామూలుగానే ఉన్నాయి. మెల్లగా వచ్చి, మెల్లగా పోతున్నాయి. అక్కడే ఉంది మోసం. ఒడ్డు దగ్గరే సముద్రం అడుగు ఒక్కసారిగా లోతైపోతుంది. అట్లాంటిక్ నుంచి అడ్డూ ఆపూ లేకుండా వచ్చిన పెద్ద కెరటం ఆఖరి నిమిషం దాకా కనబడదు. నాలుగు చిన్నవాటి తర్వాత ఒకటి అమాంతం ఒడ్డు పైకి ఎగబాకి, తిరిగి పోయేటప్పుడు కాళ్ళకింద ఇసుకతో సహా మనిషిని ఈడ్చుకుపోతుంది. అక్కడ పర్యాటకుల ప్రాణాలు ఎన్నోసార్లు పోయాయి.

మా వారు చిన్నిని చెయ్యి పట్టుకుని తడి ఇసుక దాకా వెళ్ళారు. వెనక మూడు రాక్షసులూ పడేలా ఫొటో కావాలట. సముద్రానికి వీపు పెట్టి, అల్లుడి వైపు తిరిగి నిలబడ్డారు. 'అంత దగ్గరికొద్దండీ' అన్నాను. 'నీకేం తెలుసు, నువ్వుండు. నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో చూడు' అన్నారు నవ్వుతూ. నిజమే, దూరంగానే ఉన్నాయి.

నేను మాత్రం నీళ్ళనే చూస్తున్నాను. చిన్నది వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది, పోయింది. తర్వాత సముద్రం ఓ గుక్క వెనక్కి పీల్చినట్టయింది. గులకరాళ్ళన్నీ గలగలమంటూ లోపలికి దొర్లిపోయాయి. దూరంగా నీటి మీద ఓ నల్లటి గీత లేచింది.

'ఏమండీ!' అని అరిచాను. గాలి హోరుకి వినబడలేదో, రోజూ వినే మాటే కదా అని చెవికెక్కలేదో తెలీదు. ఆయన కదల్లేదు. జనంలో ఎవరి ఏమండీ అయితేనేం? అప్పుడు నా నోట్లోంచి వచ్చింది, నాకే తెలియని గొంతుతో.

'సత్యం! సత్యం! పిల్లనెత్తుకుని ఇటు పరిగెత్తు!'

ఆయన ఉలిక్కిపడ్డారు. నా ముఖం చూశారు. ఎందుకని అడగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. చిన్నిని చంకకెత్తుకుని నా వైపు పరిగెత్తారు. నేను ఎదురెళ్ళి ఆయన కోటు కాలరు పట్టుకుని పైకి లాగాను. ముగ్గురం ఇసుకలో పడ్డాం. నురగ మా మోకాళ్ళ దాకా వచ్చి, చిన్ని కాలి బూటు ఒకటి ఊడలాక్కుని పోయింది. తలెత్తి చూస్తే, వాళ్ళు నిలబడ్డ చోట నిలువెత్తు నీళ్ళు సుడి తిరుగుతున్నాయి.

ఎవరూ మాట్లాడలేదు. సుధ పిల్లని కావలించుకుని ఏడ్చింది. అల్లుడి చేతులు వణుకుతున్నాయి. చిన్ని ఒక్కతే, 'అమ్మమ్మా, తాతయ్యని పేరు పెట్టి పిలిచావు!' అంది.

ఆ రాత్రి విక్ దగ్గర ఓ ఇంట్లో బస. ఇంటావిడకి డెబ్భై ఏళ్ళు దాటాయి. మా అవస్థ విని వేడి వేడి కోకో ఇచ్చింది. మాటల్లో ఆవిడ పేరు అడిగితే, పెళ్ళయినా ఆ దేశంలో ఆడవాళ్ళ పేరు మారదని చెప్పింది. చాలామందికి ఇంటిపేర్లు లేవు. తండ్రి పేరుకో తల్లి పేరుకో 'దోత్తిర్' అని, అంటే కూతురు అని చేర్చుకుంటారు. అందరూ అందర్నీ, దేశాధ్యక్షుల్ని కూడా, సొంత పేరుతోనే పిలుస్తారట. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇంకో సంగతి కూడా చెప్పింది. 1975 అక్టోబర్ 24న ఆ దేశంలో నూటికి తొంభైమంది ఆడవాళ్ళు ఒక్కరోజు పని మానేశారు. ఆఫీసు పనే కాదు, ఇంటిపని కూడా! వంట లేదు, పిల్లల్ని చూడటం లేదు. మగవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకి వెళ్ళారు. సులువుగా వండుకోవచ్చని అందరూ సాసేజీల మీద పడితే దుకాణాల్లో అవి అయిపోయాయట. రేక్యవిక్ వీధుల్లో పాతికవేల మంది ఆడవాళ్ళు చేరారు. మరుసటి ఏడాది స్త్రీపురుష సమానత్వ చట్టం వచ్చింది. అయిదేళ్ళకి, 1980లో, విగ్దిస్ ఫిన్‌బొగదోత్తిర్ అధ్యక్షురాలిగా గెలిచింది. ప్రజల ఓట్లతో దేశాధ్యక్ష పదవికి ఎన్నికైన మొదటి మహిళ ప్రపంచంలో ఆమే. పదహారేళ్ళు ఆ పదవిలో ఉంది. 'ఆ రోజు నేనూ ఎప్రాన్ విప్పి గోడకి తగిలించి వెళ్ళాను' అంది ఇంటావిడ.

నిద్ర పట్టలేదు. పన్నెండు దాటినా కిటికీ బయట గులాబీ వెలుగు. అలికిడైతే చూద్దును కదా, మా వారు వంటింట్లో టీ పెడుతున్నారు. పెళ్ళయ్యాక ఆయన టీ పెట్టడం అదే మొదటిసారి. పంచదార ఎక్కువైంది, పాలు తక్కువయ్యాయి. తెచ్చి నా ముందు పెట్టి, చాలాసేపు ఏమీ అనలేదు. 'తప్పయిపోయిందండీ, అందరి ముందూ అలా...' అని నేనే మొదలుపెట్టాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. 'అమ్మ పోయి పద్నాలుగేళ్ళయింది. సత్యం అని పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఆ పిలుపు వినగానే ఎందుకని అడగాలనిపించలేదు. కాళ్ళు వాటంతట అవే పరిగెత్తాయి' అన్నారు. కాసేపాగి, 'నీకు తెలుసు. నాకే తెలీలేదు' అన్నారు. ఆ పంచదార పాకంలాంటి టీ చివరి చుక్క దాకా తాగాను.

మర్నాడు యోకుల్‌సార్లోన్ వెళ్ళాం. పెద్ద మంచుకొండ నుంచి విరిగిపడ్డ ముక్కలు సరస్సులో ఏనుగులంత, ఇళ్ళంత, నీలంగా తేలుతుంటాయి. కొట్టుకొచ్చి నల్ల ఇసుకలో పడితే పటికబెల్లం ముక్కల్లా మెరుస్తాయి. ఆ సరస్సు వందేళ్ళ కిందట లేదు. మంచు కరిగి వెనక్కి తగ్గుతుంటే ఏర్పడింది, ఇంకా పెరుగుతూనే ఉంది. ఇంకోచోట ఓక్ అనే మంచుకొండ చాలావరకు కరిగిపోతే, 2019లో దానికి స్మారక ఫలకం కూడా పెట్టారు. మంచుకి తద్దినం పెట్టినట్టు! అందాన్ని చూస్తున్నామా, ఆఖరి చూపు చూస్తున్నామా అనిపించింది. ఈసారి మా వారు ఒడ్డుకి వెళ్ళేముందు నా వైపు చూశారు. నేను తలూపాకే అడుగేశారు.

అన్నట్టు, అప్పటికి ఆ దేశంలో దోమలు లేవు. 'ఎంత అదృష్టవంతులో' అని కుళ్ళుకున్నాను. 2025 అక్టోబర్‌లో మొట్టమొదటిసారిగా అక్కడ మూడు దోమలు దొరికాయని వార్త చదివాను. పాపం, వాళ్ళకీ మొదలయిందన్నమాట.

మీలో ఎవరైనా వెళ్ళాలనుకుంటే నాలుగు మాటలు. ఐస్‌లాండ్‌కి షెంగెన్ వీసా కావాలి. బ్రిటన్ వీసా ఉన్నా ఇది వేరే తీసుకోవాల్సిందే. జూన్‌లో కూడా పది, పన్నెండు డిగ్రీలే, దానికి తోడు గాలి. గొడుగు పనికిరాదు, వానకోటే శరణ్యం. పడుకోవడానికి కళ్ళకి కట్టుకునే నల్లగుడ్డ పట్టుకెళ్ళండి. సముద్రం దగ్గర దీపం రంగు చూడండి, బోర్డు చదవండి. ఎవరేమన్నా సరే, నీళ్ళకి వీపు పెట్టకండి.

ఇప్పుడు ఇంట్లో ఎలా ఉన్నామంటారా? నేను మళ్ళీ 'ఏమండీ' అనే పిలుస్తున్నాను, నాకు అదే హాయి. ఆయన కూడా పాత అలవాటుకొద్దీ ఎప్పుడైనా 'నీకేం...' అని మొదలుపెడతారు. అక్కడే ఆగిపోతారు. ఓ క్షణం నా ముఖం చూసి, 'నీకేం అనిపిస్తోంది?' అని మాట మార్చేస్తారు.

చిన్ని రెండో బూటు మాత్రం మా షోకేసులో ఉంది. ఇంటికొచ్చినవాళ్ళు అడిగితే ఆయనే ఆ కథ చెబుతారు, పేరు పెట్టి పిలిచిన చోటు దాకా వచ్చి, 'ఆ ముక్క నువ్వు చెప్పవోయ్' అని నాకొదిలేస్తారు.